చేయెత్తితే కనబడే గీత

కాచిగూడలో మా ఆఫీసుకి తరచూ వచ్చే ఒక పొదుపు సంఘం నాయకురాలు ఈమధ్య తలుపు దగ్గరగా వేసి ఒక ప్రశ్న అడిగింది. బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత ఆమె 40 కిలోలు తగ్గింది. జబ్బల కింద చర్మం సంచుల్లా వేలాడుతోంది. ఎండాకాలం ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయి. ఆ చర్మం తీయించుకోవాలనుకుంటోంది. "మీరంతా ఏమనుకుంటారోనని ఇన్నాళ్లూ అడగలేదక్కా" అంది.

నిజానికి అందాల మార్కెట్టు మీద ఉపన్యాసం నా నోటిదాకా వచ్చింది. 2025 మేలో మన నగరంలో ప్రపంచ సుందరి పోటీలు జరిగినప్పుడు అన్న మాటలే. అవి అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. కానీ మన తీర్పుకి భయపడి స్త్రీలు క్లినిక్ ప్రకటనల్లోనే సమాచారం వెతుక్కోవలసి వస్తే అందులో మన బాధ్యత లేదా?

అందుకే తెలుసుకున్నాను. బ్రాకియోప్లాస్టీ అనే ఈ ఆపరేషన్‌లో చంక నుంచి మోచేతి దాకా కోసి, ఎక్కువైన చర్మాన్నీ కొవ్వునూ తీసేస్తారు. సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు. అంత పొడుగు మచ్చా జీవితాంతం ఉంటుంది. ఏడాదికి కొంత పాలిపోవచ్చు. మనలాంటి చామనఛాయ, నల్లని చర్మాల మీద ఉబ్బి గట్టిపడే అవకాశం ఎక్కువ. చేతుల్లేని జాకెట్టు వేసుకోవాలని చేయించుకున్నవాళ్లకి చేయెత్తగానే కనిపించేది ఆ గీతే! ప్రకటనల్లో మాత్రం చేతులు ఎప్పుడూ కిందికే ఉంటాయి.

రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, కుట్ల కింద నీరు చేరడం, ముంజేతిలో తిమ్మిరి, అరుదుగా కాళ్లలో రక్తం గడ్డకట్టడం - ఇవన్నీ ముందే చెప్పాలి. 2015 జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ 31 ఏళ్లకే అమెరికాలో చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని పత్రికలు రాశాయి. అది వేరే ఆపరేషనే. అయినా "చిన్న ఆపరేషనే" అనే మాట విన్నప్పుడల్లా నాకామె గుర్తొస్తుంది.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బిగుతు తొడుగు వేసుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. అంటే నీళ్ల బిందె, పిల్ల, బియ్యం బస్తా, తడి బట్టల బకెట్టు. ఈ పనులు ఎవరు చేస్తారని డాక్టరు అడగడు. ఇంట్లోవాళ్లు మూడో రోజుకే మరిచిపోతారు. ఆపరేషన్ ఖర్చులో ఈ లెక్క ఎక్కడా ఉండదు.

ఇక సంతకం సంగతి. భర్త సంతకం కావాలని ఆమెని అడిగారట. సమీరా కోహ్లీ కేసులో పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి అనుమతితో గర్భాశయం తీసేశారు. అది చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వయసొచ్చిన, వివేకమున్న మనిషి బదులు ఇంకొకరు ఒప్పుకోవడానికి లేదంది. లాభనష్టాలు, ఇతర మార్గాలు వివరించాకే ఆ ఒప్పుకోలుకి విలువ. ఇంకోటి, అందం కోసం చేసే ఆపరేషన్లకి ఆరోగ్య బీమా వర్తించదు. వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టరు ధ్రువీకరిస్తే మినహాయింపు అడగొచ్చు. అందుకే పుండ్ల సంగతి చీటీలో రాయించుకోమన్నాను.

చేయించుకోమనలేదు, వద్దనలేదు. సర్జన్‌కి ప్లాస్టిక్ సర్జరీలో పీజీ డిగ్రీ ఉందా, అక్కడ ఐసియు ఉందా, ఏడాది తర్వాత చేతులెత్తి తీసిన ఫోటోలు చూపిస్తారా - ఈ మూడూ రాసుకుంది. వచ్చే బుధవారం మళ్లీ వెళ్తోంది. నేనూ వెంట వెళ్తున్నాను.