రక్తమునకు బదులు లాలాజలము

మూర్ఛరోగము గల బాలబాలికలు ప్రతిదినమును తప్పక మందు పుచ్చుకొనవలెను. అది దేహమున తక్కువైనచో మూర్ఛ వచ్చును. ఎక్కువైనచో మగతయు, నడకలో తూలుటయు కలుగును. తరగతిలో కునుకు తీయు పిల్లవానిని సోమరియని దండించుటకు ముందు ఉపాధ్యాయు లీ సంగతిని యోచింపవలెను.

మందు తగినంత యున్నదో లేదో తెలిసికొనుటకు సూదితో రక్తము తీయుటయే సామాన్య పద్ధతి. సూదికి జడిసిన బిడ్డను నలుగురు పట్టుకొనవలసి వచ్చును. కొన్ని మందుల విషయమున ఇంత బాధ యక్కరలేదని మా యభిప్రాయము.

ఫెనిటాయిన్ అను మందును చూడుడు. 1938లో మెరిట్, పుట్నాము అను అమెరికా వైద్యులు ఇది మూర్ఛను అణచునని ప్రకటించిరి. రక్తములో దీని యందు నూటికి సుమారు 90 పాళ్లు మాంసకృత్తుల నంటుకొని యుండును. విడిగా నున్న 10 పాళ్లే మెదడును చేరి పనిచేయును. లాలాజలములోనికి వచ్చునదియు నా విడి భాగమే. రక్తమున లీటరునకు 10 మొదలు 20 మిల్లీగ్రాముల వఱకు ఉండవలసిన యీ మందు లాలాజలమున 1 మొదలు 2 మిల్లీగ్రాములుండును. సాధారణ రక్తపరీక్ష మొత్తమునే కొలుచును గనుక, పోషణ చాలక రక్తమున ఆల్బుమిన్ తగ్గిన బిడ్డ విషయమున ఆ లెక్క మోసపుచ్చును. అట్టి చోట లాలాజలమే నిజమునకు దగ్గరగా నుండును. కార్బమజిపీన్ అను మందును గూడ నీ రీతినే పరీక్షింపవచ్చును.

అయితే ఇది సర్వత్ర చెల్లదు. వాల్ప్రోయేట్ విషయమున లాలాజలము నమ్మదగినది కాదు. మందు త్రాగిన వెంటనే పరీక్షించినచో నోట మిగిలిన మందు లెక్కను పెంచును. కావున తరువాతి మోతాదుకు ముందే, నోరు పుక్కిలించి కొంత తడవు ఆగిన పిమ్మట ఉమ్మి తీయవలెను. చిగుళ్లనుండి రక్తము కారుచున్నను లెక్క తప్పును. స్వల్ప పరిమాణమును సరిగా కొలువగల యంత్రములును కావలెను.

ఈ చిక్కులు జాగ్రత్తచే తీరునవి. కావున పిల్లలకు చికిత్స చేయు ఆసుపత్రులు, చెల్లుబాటగు మందులకైన నీ పరీక్షను ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. తలిదండ్రులారా, మీ బిడ్డ మందునకు ఇది తగునో తగదో వైద్యుని అడుగుడు. మందును మీయంతట మానిపింపకుడు, పెంపకుడు. ఫెనిటాయిన్ మోతాదు కొంచెము పెరిగినను రక్తములో మిక్కిలి హెచ్చిపోవచ్చును.