తల ఊపితే సరిపోదు అన్నా



"అరబ్బోళ్లు మాట మీద నిలబడరు" అని మన రూముల్లో రోజూ వింటాం. "ఈ హిందీలకు ఎంత చెప్పినా ఎక్కదు" అని వాళ్లంటారు. నన్నడిగితే రెండూ తప్పే. ఎవరి అలవాటుతో వాళ్లు ఎదుటోడి మాటను కొలుస్తున్నారు, అంతే.

మనం సరే అనడానికి తల అటూ ఇటూ ఊపుతాం. అరబ్ ఫోర్‌మన్‌కు అది "కాదు" అన్నట్టు కనిపిస్తుంది. సిరియా, లెబనాన్ వాళ్లు గడ్డం పైకెత్తి "ట్చ్" అంటే "లేదు" అని అర్థం. మనం విసుక్కున్నాడనుకుంటాం. ఐదు వేళ్ల కొసలు కలిపి చెయ్యి ఆడిస్తే "కొంచెం ఆగు" అని. మనోళ్లు బెదిరిస్తున్నాడనుకుంటారు.

జీతం అడిగితే "బుక్రా, ఇన్షా అల్లా" అంటారు. బుక్రా అంటే రేపే గానీ, చాలాసార్లు "ఇవాళ కాదు" అని మాత్రమే. మనం నమ్మి ఇంటికి ఫోన్ చేసి చెప్పేస్తాం. మరి చేబదులు అడిగినోడికి మనం "చూద్దాం లే" అనమా? అది లేదనడమేనని మన ఊళ్లో పిల్లలకూ తెలుసు. మనం "పోయొస్తా" అంటాం. అదే హిందీలో "జాకే ఆతా" అంటే, సూపర్‌వైజర్ తిరిగొస్తాడని ఎదురుచూస్తాడు!

ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. కానీ నష్టం ఇద్దరికీ సమానం కాదు. మన మాట అర్థం కాకపోతే ఫోర్‌మన్‌కు పోయేది పది నిమిషాలు. అతని మాట మనకు అర్థం కాకపోతే జీతం పోతుంది, ఒక్కోసారి చెయ్యో కాలో పోతుంది.

"మాలూమ్?" అంటే "మాలూమ్" అనేస్తాం. పెద్దోళ్లను ఎదురు అడగొద్దని పెరిగినోళ్లం మరి. మన ఆ మర్యాదను ఇక్కడ ఒప్పుకున్నట్టే లెక్కేస్తారు. కాగితం సంగతి ఇంకా గట్టిది. సౌదీ, యూఏఈ చట్టాల ప్రకారం అరబిక్‌కూ ఇంకో భాషకూ తేడా వస్తే అరబిక్‌లో ఉన్నదే చెల్లుతుంది.

కంపెనీయే మన భాషలో చెప్పాలి కదా అంటారా? చెప్పాలి. వందలమంది తెలుగోళ్లను తెచ్చుకునే కంపెనీకి ఒక తెలుగు మనిషితో సేఫ్టీ క్లాసు చెప్పించడం పెద్ద ఖర్చేం కాదు. గట్టిగా అడుగుదాం. అది వచ్చేదాకా మాత్రం తల ఊపడం మానేద్దాం. అర్థమైంది మన మాటల్లో తిరిగి చెబుదాం. బుక్రా అంటే "ఏ తారీఖు?" అని అడుగుదాం, వీలైతే మెసేజ్‌లో పెట్టమందాం. అరబిక్ కాగితం చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు.

అడిగితే తిడతారేమోనని భయం ఉంటుంది. తిట్టు సాయంత్రానికి పోతుంది తమ్మీ, సంతకం పోదు.

కొత్తగా దిగినోళ్లకు వంట నేర్పినట్టే ఇవీ నేర్పండి. మీ సైట్లో ఏ మాట దగ్గర తేడా వస్తుందో కింద రాయండి, పది మందికి పనికొస్తుంది.