చీనా జడీబూటీ పేరు చెప్పి ఇన్సులిన్ ఆపిస్తారా?

"చైనా వాళ్ళు షుగర్‌కి జడీబూటీ కనిపెట్టారు, ఇక ఇన్సులిన్ బంద్ చేయండి" అని మన ఖాందాన్ గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లో సగం నిజం ఉంది. పూర్తి ఝూట్ కంటే ఈ సగం నిజమే ఎక్కువ ఖతర్నాక్.

నిజమేమిటంటే, హ్వాంగ్‌లియన్ అనే చేదు వేరుని చీనా హకీములు విరేచనాలకి తరతరాలుగా వాడారు. అందులోని పసుపుపచ్చ పదార్థం బెర్బెరిన్. మన యునానీ దారుహల్దీలోనూ అదే ఉంది. 2008లో షాంఘై డాక్టర్లు కొత్తగా టైప్ 2 షుగర్ బయటపడిన 36 మందిలో కొందరికి బెర్బెరిన్, కొందరికి మెట్‌ఫార్మిన్ మూడు నెలలు ఇచ్చి చూశారు. బెర్బెరిన్ వాడినవాళ్ళకి మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.5 నుంచి 7.5కి దిగింది. మెట్‌ఫార్మిన్‌తో ఇంచుమించు బరాబర్.

ఖుషీ ఖబరే. కానీ 36 మంది మీద మూడు నెలల తహకీక్ ఒక షురువాత్ మాత్రమే, ఆఖరి ఫైసలా కాదు. ఇన్సులిన్ మానడానికి అసలే సనద్ కాదు. మెట్‌ఫార్మిన్‌కి దారి చూపింది కూడా యూరప్‌లోని గెలేగా అనే మొక్కే. ఆ మొక్కని మేస్తే గొర్రెలు చచ్చిపోతాయి. కుదరతీ అయినంత మాత్రాన షిఫా కాదు. తూచి, కొలిచి, పోల్చి చూస్తేనే జడీబూటీ దవా అవుతుంది.

చీనాలోనే అమ్మే షియావ్‌కే గోలీ సంగతి వినండి. అందులో జడీబూటీలతోపాటు గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లీషు దవా ఉంటుంది. ఆ మాట చెప్పే అమ్ముతారు. అదే గ్లిబెన్‌క్లమైడ్‌ని హద్దు మీరి కలిపిన నకిలీ షుగర్ దవా తిని 2009లో షిన్‌జియాంగ్‌లో ఇద్దరు చనిపోయారు. కాబట్టి "పొడి తిన్న మూడు రోజుల్లో షుగర్ దిగింది" అని ఎవరైనా అంటే, సుబ్హానల్లాహ్ అనేముందు ఆ పొట్లంలో ఏముందో అడగండి. గుర్దాలు కమ్‌జోర్ అయిన దాదీ ఒంట్లో ఆ దవా ఎక్కువసేపు నిలిచిపోతుంది. రాత్రి నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు.

"దవాల కంపెనీలు లూటీ చేయడం లేదా?" అంటారు. ఇన్సులిన్ ఖర్చు గరీబ్ ఇంటికి బోఝ్, కాదనను. దానికి ఇలాజ్ సర్కారీ దవాఖానాలో దవా సరిగ్గా ఇమ్మని గట్టిగా అడగడం. పేరు లేని, లేబుల్ లేని పొడికి అంతకన్నా ఎక్కువ డబ్బు పోయడం కాదు.

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకి ఇన్సులిన్ ఆపితే కొన్ని రోజుల్లోనే జాన్ మీదికొస్తుంది. అప్పుడు ఆ మెసేజ్ పంపిన భాయ్ జిమ్మేదారీ తీసుకుంటాడా? జడీబూటీ మీద శౌఖ్ ఉంటే డాక్టర్‌కి చెప్పి వాడండి. హామిలా ఆడవాళ్ళు బెర్బెరిన్ జోలికే పోవద్దు. ఇన్సులిన్ సూది మాత్రం ఏ మెసేజ్ చూసీ పక్కన పెట్టకండి.