డూమ్ పెట్రోల్ చదవొచ్చా?

శనివారం రాత్రి పదకొండు. ప్రొడక్షన్‌లో కొత్త బిల్డ్ ఎక్కిస్తూ లాగ్స్ వైపే చూస్తున్నా. ఫోన్ మోగింది. మా పిన్ని కొడుకు, కరీంనగర్ నుంచి.

"అన్నా, డూమ్ పెట్రోల్ అని ఒక కామిక్ ఉందట. చదవొచ్చా?"

వేరే ఎవరైనా అడిగితే "చదివేయ్ రా" అని పని చూసుకునేవాణ్ణి. వీడికి మాత్రం వెంటనే చెప్పలేకపోయాను. పోయిన ఏడాది బైక్ యాక్సిడెంట్‌లో ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. ఇప్పుడు పెట్టుడు కాలుతో నడక అలవాటు చేసుకుంటున్నాడు. ఎవరైనా అటు చూస్తే ప్యాంటు కిందికి లాక్కుంటాడు. ఆ కామిక్‌లో ముఖ్యమైన మనిషి ఎవరో నాకు తెలుసు కదా. మెదడు మనిషిది, ఒళ్లంతా ఇనుము.

మీలో చాలామందికి అవెంజర్స్ తెలుసు, ఎక్స్‌మెన్ తెలుసు. వీళ్లు తెలీకపోవచ్చు. 1963లో 'మై గ్రేటెస్ట్ అడ్వెంచర్' అనే పత్రిక 80వ సంచికలో పుట్టారు. క్లిఫ్ స్టీల్ కార్ రేసర్, ప్రమాదంలో శరీరం పోతే మెదడు తీసి రోబోలో పెట్టారు. రీటా ఫార్ సినిమా నటి, ఒళ్లు పెంచుకోగలదు, తగ్గించుకోగలదు. లారీ ట్రైనర్ పైలట్, ఒంటినిండా కట్లు. వీళ్లని నడిపించే చీఫ్ చక్రాల కుర్చీలో ఉంటాడు. మూడు నెలల తేడాతో ఎక్స్‌మెన్ వచ్చింది, అందులోనూ నాయకుడిది చక్రాల కుర్చీయే! ఎవరు ఎవర్ని చూసి రాశారనే వాదన అభిమానుల్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

అమ్మకాలు పడిపోయి 1968లో 121వ సంచికతో ఆపేశారు. ఆపిన తీరు చూడండి: ఒక చిన్న చేపల ఊళ్లో ఉన్న పద్నాలుగు మందిని కాపాడటానికి నలుగురూ చావడానికి ఒప్పుకుంటారు. ముక్కూమొహం తెలియని పద్నాలుగు మంది కోసం!

నేను చదవమని చెప్పేది ఈ పాతది కాదు. తర్వాత క్లిఫ్ బతికే ఉన్నాడని చూపించి, కొత్త జట్టు కట్టి మళ్లీ మొదలుపెట్టారు. అందులో 1989లో 19వ సంచిక నుంచి గ్రాంట్ మారిసన్ రాయడం మొదలుపెట్టారు, బొమ్మలు ఎక్కువగా రిచర్డ్ కేస్‌వి. 63 దాకా నలభై అయిదు సంచికలు, వెయ్యి పేజీల పైమాటే. ఆ 19 తెరిస్తే క్లిఫ్ మానసిక వైద్యశాలలో ఉంటాడు. చూడటానికొచ్చిన డాక్టర్‌తో తన బాధ చెప్పుకుంటాడు. కాలో చెయ్యో పోయినవాళ్లకి అది ఇంకా ఉన్నట్టే అనిపిస్తుందంటారే, తనకి ఒళ్లంతా అలాగే ఉందని. తర్వాత తల గోడకేసి కొట్టుకుంటాడు. సూపర్‌హీరో కథని ఇలా మొదలుపెట్టడం నేనెక్కడా చూళ్లేదు.

నన్ను ఆపింది ఆ పేజీయే. వాడికి అది మందా, పుండు మీద కారమా? వాడికి బంధువులు పంపే స్ఫూర్తిదాయక వీడియోలంటే చిరాకు. కాళ్లు లేకుండా కొండలెక్కిన వాళ్ల కథలు చూపిస్తే ఫోన్ పక్కన పడేస్తాడు. క్లిఫ్ కొండలెక్కడు, గొణుగుతాడు. జోకులేస్తాడు. అయినా పక్కవాళ్లని వదలడు. నాకు వాడే గుర్తొచ్చాడు.

లోపాలు కూడా చెప్పాలి. పారిస్ నగరాన్ని మింగేసే పెయింటింగ్ ఒకటి వస్తుంది. ఐడియా అద్భుతం, కానీ నాకు మొదటిసారి సగమే అర్థమైంది. కొన్నిచోట్ల రచయిత తను చదివిన పుస్తకాలన్నీ మన ముందు పరిచేసినట్టు ఉంటుంది. పిల్లలకి మాత్రం ఇవ్వకండి. క్రేజీ జేన్ అనే అమ్మాయిలో అరవై నాలుగు వ్యక్తిత్వాలు, ఒక్కోదానికీ ఒక్కో శక్తి. అలా ఎందుకైందంటే చిన్నప్పుడు కన్నతండ్రి చేసిన ఘోరం. 30వ సంచికలో క్లిఫ్ ఆమె మనసులోకి వెళ్తాడు. లోపలంతా భూగర్భ రైలు మార్గంలా ఉంటుంది, స్టేషన్లతో సహా. నా లెక్కలో మొత్తం సిరీస్‌లో బెస్ట్ సంచిక అదే. అక్కడిదాకా వచ్చాక కూడా పట్టుకోకపోతే మానేయండి, ఏం ఫర్లేదు. 2019 నుంచి 2023 దాకా టీవీ సిరీస్‌గా కూడా వచ్చింది, బాగుంది గానీ ముందు ఇదే చదవండి.

బిల్డ్ అయ్యాక అర్ధరాత్రి దాటాక వాడికి రాశా: "చదువు. 19 నుంచి మొదలుపెట్టు. మొదట్లోనే ఒక సీన్ గట్టిగా తగుల్తది. వద్దనిపిస్తే ఆపెయ్, నాకు ఫోన్ చెయ్."

ఫోన్ రాలేదు. నాకు నిద్ర పట్టలేదు. పంపకుండా ఉండాల్సిందా అని అటూ ఇటూ దొర్లుతుంటే, తెల్లవారుజామున నాలుగింటికి మెసేజ్.

"అన్నా, ఆడు చెప్పింది నిజమే. రాత్రయితే నాకు లేని పాదం దురద పెడ్తది. గోక్కుందామని చెయ్యి పోతది, అక్కడ ఏం ఉండదు. అమ్మకి చెప్తే ఏడుస్తదని చెప్పలె."

ఏం రాయాలో తెలీక కాసేపు ఆ మెసేజ్‌నే చూస్తూ కూర్చున్నా. డాక్టర్‌కి చెప్పు, చాలామందికి ఉంటుందట అన్నాను. సోమవారం పోతా అన్నాడు. పోయాడు కూడా.

ఇప్పుడు 31లో ఉన్నాడు. ఒక వీధికి ప్రాణం ఉండి, ఊరూరా తిరుగుతుందని వాడికింకా తెలీదు. అది 35లో వస్తుంది.