తల్లి కువైటులో, బిడ్డ బడిలో

కడప, గోదావరి జిల్లాలనుండి ఇంటిపనికై కువైటు పోవు స్త్రీలు పెక్కురు. పదవ తరగతి దాటనివారిలో 30 యేండ్లు నిండని స్త్రీలకు ఇట్టి కొలువులకు వలస అనుమతి లేదన్నది వారి రక్షణకై ప్రభుత్వము విధించిన నిబంధన. కాని ఆ వయసు వచ్చుసరికి మన పల్లెలలో స్త్రీ తరచు బడియీడు బిడ్డల తల్లి! యువతిని కాచిన నియమమే తల్లి ప్రయాణమునకు దారి విడుచుచున్నది.

ఆ బిడ్డ పదిమందిలో ఏడ్వదు. అవ్వ చాటున పెరుగును. పెద్దపిల్ల యైనచో తమ్మునికి అన్నము పెట్టి, బడికి ఆలస్యముగా వచ్చును. రాత్రి ఫోనులో తల్లి కనబడగానే “బాగున్నానమ్మా” యనును. తల్లి దుఃఖించునని దాచుకొన్న దిగులే ఆ నిబ్బరము. దానిని మనము బుద్ధిమంతతనమని మెచ్చుకొనుచున్నాము.

ఉపాధ్యాయులారా! ఆలస్యమునకు దండింపకమునుపు, ఉదయము ఇంట పొయ్యి వెలిగించిన దెవరో ఒకమారు అడుగుడు.