జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త!

భోగాపురం మండల ప్రజలారా! ముక్కాం, చేపలకంచేరు తీరంలోని మత్స్యకార సోదరులారా! అక్కచెల్లెళ్లారా!

వానలు మొదలై పైడితల్లమ్మ సిరిమాను దాటేవరకూ మనకు జ్వరాల కాలం. "కౌంట్ పడిపోయిందట!" అన్న మాట వింటే చాలు, ఇల్లిల్లూ వణికిపోతుంది. బంగారం తాకట్టు పెట్టి, కారు మాట్లాడుకుని విశాఖకు పరుగెడతారు.

ఆ కౌంట్ రక్తంలోని ప్లేట్‌లెట్లది. అవి ఎముక మూలుగలో పుట్టి, గాయమైన చోట గుమిగూడి రక్తం ఆపుతాయి. మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. ఒక్కోటి బతికేది వారం, పది రోజులే. డెంగీలో వాటి తయారీ మందగిస్తుంది, ఉన్నవీ త్వరగా నశిస్తాయి. చాలామందిలో ఏమీ ఎక్కించకుండానే కొద్ది రోజుల్లో అంకె మళ్లీ లేస్తుంది.

డెంగీలో ప్రాణం మీదకు తెచ్చేది ఎక్కువగా మరొకటి: రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోవడం. అది జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య, సరిగ్గా జ్వరం దిగే వేళ జరుగుతుంది. తగ్గింది కదా అని పిల్లను బడికి పంపేది, మనం పనిలోకి దిగేది అప్పుడే! విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం, నల్లటి విరేచనం, మూత్రం తగ్గడం, చేతులూ కాళ్లూ చల్లబడటం, మగత. వీటిలో ఒక్కటి కనబడినా కౌంట్ ఎంతని ఆరా తీస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

రక్తం కారనివారికి కౌంట్ 10 వేల లోపు పడితేనే ప్లేట్‌లెట్లు ఎక్కించే ఆలోచన చేయమంటాయి మన జాతీయ మార్గదర్శకాలు. సింగపూర్, మలేసియాల్లో 20 వేలు, అంతకు తక్కువ ఉన్న పెద్దవారికి ముందుజాగ్రత్తగా ఎక్కించి చూస్తే మేలు కనబడలేదని, దుష్ఫలితాలే పెరిగాయని 2017లో తేలింది. ఎక్కించమని డాక్టరును ఒత్తిడి చేయకండి. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూది, ఐబుప్రొఫెన్ అసలే వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ చాలు. బొప్పాయి ఆకు రసాన్ని నమ్ముకుని ఆస్పత్రి మానకండి.

జ్వరం లేకుండా ఒంటిమీద ఎర్రచుక్కలు, కమిలిన మచ్చలు వచ్చినా ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. దానికి కారణాలు వేరు, పరీక్ష చేయించాలి.

ఇక దోమ మాట. డెంగీ దోమ ఎక్కువగా పగలే కుడుతుంది, ఎక్కువగా నిలిచిన మంచినీళ్లలోనే పెరుగుతుంది. గోలెం, డ్రమ్ము, పాత టైరు, కొబ్బరి చిప్ప, ఒడ్డున వాననీరు నిలిచిన పడవ, హైవే పక్కన లేస్తున్న కట్టడాల్లో క్యూరింగు తొట్టి... గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నీరు ఆరినా గుడ్లు నెలల తరబడి చావవు. అందుకే ఒంపడంతో సరిపెట్టకుండా లోపలి అంచులు పీచుతో గట్టిగా రుద్దాలి. మేస్త్రీలూ, కాంట్రాక్టర్లూ, మీ తొట్లు మీరే చూసుకోవాలి!

యువతీ యువకులారా! నిజంగా అవసరమైనవారికి ప్లేట్‌లెట్లు దొరకాలి. అవి నిల్వ ఉండేది 5 రోజులే, దాచిపెట్టుకోలేం. 18 ఏళ్లు నిండి ఆరోగ్యంగా ఉన్నవాళ్లు విజయనగరంలోనో విశాఖలోనో బ్లడ్ బ్యాంకులో పేరు, గ్రూపు రాయించండి. పిలుపు రాగానే వెళ్లండి.

శుక్రవారం డ్రై డే. ఈ శుక్రవారం పొద్దున్నే మీ గోలెం ఒంపి, రుద్ది, ఎండబెట్టండి. మీదయ్యాక పక్కింటి మామ్మది కూడా.

— భోగాపురం మండల యువతీ యువకులు