టెలీ మానస్: డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకు సరే.. వాళ్లను చూసుకునే అమ్మానాన్నల మాటేంటి?

ఇంటర్ చదివే కొడుకు పది రోజులుగా గదిలోంచి బయటకు రావట్లేదు. తిండి సగం, నిద్ర సగం. ఏమైందిరా అని అడిగితే "ఏం లేదమ్మా" అనే ఒక్క మాటే. అప్పుడు ఆ తల్లి ఏం చేస్తుంది? చాలా ఇళ్లలో చేసేదే.. ఫోన్ తీసి వెతుకుతుంది. అక్కడ కనిపించేవి ఎక్కువగా రెండే రకాలు. ఒకటి, 'మీ పిల్లల్లో ఈ లక్షణాలు ఉన్నాయా?' అనే వీడియోలు. వీటికి వ్యూస్ కూడా ఎక్కువే. రెండోది, పిల్లల ఫోన్‌పై నిఘా పెట్టే యాప్‌లు. భయపడిపోతున్న ఆ తల్లికి ఎవరైనా తోడున్నారా అంటే మాత్రం.. ఆ సమాధానం అంత ఈజీగా దొరకదు.

ఇది ఏవో కొన్ని ఇళ్ల సమస్య కాదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇంకా ఎక్కువ. 10-19 ఏళ్ల వయసులో ప్రతి ఏడుగురిలో ఒకరు అంటోంది. ఆ ఒక్కరి వెనక అమ్మో, నాన్నో, అమ్మమ్మో రాత్రంతా మేలుకుని ఉంటారు. వాళ్లు ఏ లెక్కలోకీ రారు.

14416కి తల్లిదండ్రులూ కాల్ చేయొచ్చు

కేంద్రం 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ మొదలుపెట్టింది. నంబర్ 14416. టోల్ ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగు సహా 20 భాషల్లో మాట్లాడొచ్చు. బెంగళూరు నిమ్హాన్స్ దీనికి నోడల్ సెంటర్, టెక్నాలజీ సాయం ట్రిపుల్ ఐటీ బెంగళూరుది. కాల్ చేస్తే ముందు భాష ఎంచుకోమంటుంది. తర్వాత ట్రైనింగ్ తీసుకున్న కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. అవసరమైతే సైకియాట్రిస్ట్ లాంటి స్పెషలిస్టులకు కలుపుతారు.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. సమస్య ఉన్న పిల్లలే కాల్ చేయాలని రూలేం లేదు. "మా అమ్మాయి ఇలా ఉంటోంది, నేనేం మాట్లాడాలి?" అని తల్లి అడగొచ్చు. "నాకే నిద్ర పట్టట్లేదు, పిల్ల మీద అరిచేస్తున్నా" అని తన గురించి కూడా చెప్పుకోవచ్చు. దీనికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, కీప్యాడ్ ఫోన్ చాలు. యాప్‌ల గురించి ఎంత చెప్పుకున్నా, చదువు పెద్దగా లేని తల్లికి పనికొచ్చే టెక్నాలజీ అంటే నా దృష్టిలో ఇదే.. అవతల తెలుగులో ఒక మనిషి గొంతు.

2024 అక్టోబర్‌లో టెలీ మానస్ యాప్, వీడియో కన్సల్టేషన్ కూడా వచ్చాయి. అయితే వీడియో సౌకర్యం మొదట కర్ణాటక, తమిళనాడు, జమ్మూకశ్మీర్‌లలోనే ప్రారంభించారు. తొలి జాబితాలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు.

నిఘా పెడితే ఏమవుతుంది?

టెక్ కంపెనీలు తల్లిదండ్రులకు ఇస్తున్న సాయమంతా దాదాపు ఒకే దారిలో ఉంది. అదే కంట్రోల్. స్క్రీన్ టైమ్ లిమిట్, లొకేషన్, ఇన్‌స్టాలో టీన్ అకౌంట్. అమెరికాలో 16 ఏళ్ల కుర్రాడి మరణంపై తల్లిదండ్రులు కేసు వేశాక, 2025 సెప్టెంబర్‌లో చాట్‌జీపీటీ కూడా పేరెంటల్ కంట్రోల్స్ తెచ్చింది. పిల్లలు తీవ్రమైన బాధలో ఉన్నట్టు అనిపిస్తే తల్లిదండ్రులకు అలర్ట్ వెళ్తుంది. మంచిదే. కానీ అర్ధరాత్రి 2 గంటలకు అలర్ట్ వస్తే.. తలుపు కొట్టి ఆ పిల్లాడితో మొదటి మాట ఏం మాట్లాడాలి? అసలు కష్టం అక్కడుంది.

పిల్లలకు చెప్పకుండా వాళ్ల ఫోన్‌లో స్పై యాప్ పెట్టడం ఇంకో తలనొప్పి. ఏదో ఒకరోజు వాళ్లు కనిపెట్టేస్తారు. ఆ తర్వాత ఫ్రెండ్ ఫోన్‌లోంచి ఇంకో అకౌంట్. ఇంట్లో ఉన్న కాస్త మాటా బంద్.

ఫోన్‌తో నిజంగా పనికొచ్చే పని చాలా చిన్నది.. నోట్స్ రాసుకోవడం. డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ మొదటి వారాల్లో టీనేజర్లను దగ్గరుండి గమనించాలి. కొందరిలో చనిపోవాలనే ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే ఈ మందులపై హెచ్చరిక పెట్టించింది. అలాగని భయపడి మందులు సొంతంగా ఆపేయకూడదు, మార్పు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఎన్నింటికి పడుకున్నాడు, ఏం తిన్నాడు, మందు వేసుకున్నాడా, కొత్తగా చిరాకు కనిపించిందా.. రోజుకు రెండు లైన్లు. రాయడం రాకపోతే వాయిస్ రికార్డర్ ఉంది. ఓపీలో దొరికే కొద్ది నిమిషాల్లో డాక్టర్‌కు ఇవే ఆధారం. రాస్తున్నట్టు పిల్లలకు ముందే చెప్పండి. దయచేసి ప్రిస్క్రిప్షన్ ఫొటోను మాత్రం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి. సాయంత్రానికి బంధువులందరికీ తెలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో డాక్టర్‌ను చూపించాలన్నా 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మైనర్ పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. అంటే కేర్‌గివర్ లేకుండా వైద్యమే లేదు. నిజానికి ఈ సంగతి మన దేశానికి కొత్త కాదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో టెంట్లు వేయించి, రోగులతో పాటు కుటుంబాలనూ ఉంచారు. చూసుకోవడం ఎలాగో వాళ్లకు నేర్పారు. ఇప్పటి యాప్‌లు ఇంకా అక్కడిదాకా రాలేదు.

చనిపోతానని పిల్లలు అంటే బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలకండి. ఇంట్లో మాత్రలు, పురుగుమందు డబ్బాలు అందకుండా తీసేయండి. ప్రాణాపాయం అనిపిస్తే 112కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లండి.

హాస్టల్లో ఉంటే?

తెలుగు రాష్ట్రాల్లో అసలు చిక్కు ఇదే. వేలాది మంది ఇంటర్ పిల్లలు ఇంట్లో కాదు, కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో ఉంటారు. అమ్మానాన్న ఊళ్లో, పిల్ల సిటీలో. అక్కడ కేర్‌గివర్ అంటే వార్డెనే. తల్లి ఎంత జాగ్రత్తగా ఉన్నా వారానికోసారి వినే గొంతును బట్టే అన్నీ ఊహించుకోవాలి.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. దేశమంతటికీ 15 మార్గదర్శకాలు పెట్టింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులు ఉన్న సంస్థలు అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలి. టెలీ మానస్ సహా హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లు, క్లాస్‌రూమ్‌లలో పెద్ద అక్షరాలతో కనిపించేలా ఉంచాలి. తల్లిదండ్రులకూ అవగాహన కార్యక్రమాలు పెట్టాలి.

సరే, గోడ మీద నంబర్ ఉంటుంది. కానీ చాలా హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు. ఇంటికి మాట్లాడాలన్నా ఆఫీస్ ఫోన్ ముందు క్యూలో నిలబడాలి, వెనక పదిమంది ఉంటారు, పక్కనే ఇన్‌ఛార్జ్ ఉంటారు. ఈసారి పిల్లలను చూడ్డానికి వెళ్లినప్పుడు ఫీజు రసీదుతో పాటు ఇదొక్కటి అడగండి.. మా అమ్మాయి రాత్రి 14416కి కాల్ చేయాలనుకుంటే ఏ ఫోన్ ఇస్తారు? పక్కన ఎవరూ లేకుండా మాట్లాడనిస్తారా?